స్కాన్ నార్మల్, నొప్పి మాత్రం అలాగే: ఎండోమెట్రియోసిస్ అనుమానం ఉన్నప్పుడు ఏం చేయాలి

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు నాకు అర్థమైనంత వరకు కుదించి చెప్తాను. మీ వయసు 26. పీరియడ్స్ మొదలైన కొత్తలోనే నొప్పి ఉండేది, ఏటికేడు పెరిగింది, మాత్రలకు లొంగడం లేదు. ఇప్పుడు బ్లీడింగ్‌కు రెండు మూడు రోజుల ముందే మొదలై, అయిపోయాక కూడా లాగుతూనే ఉంటోంది. ఆ రోజుల్లో మోషన్‌కు వెళ్ళాలంటేనే భయం. పొట్ట మీద నుంచి చేసిన స్కాన్‌లో ఏమీ లేదన్నారు. చూసిన ఇద్దరు డాక్టర్లూ “అందరికీ ఉండేదే, ఒక బిడ్డ పుడితే అదే పోతుంది” అన్నారు. మీరు అడుగుతున్నవి ఇవి: ఇది ఎండోమెట్రియోసిస్ అయి ఉంటుందా, ఆపరేషన్ చేస్తే తప్ప తేలదా, హార్మోన్ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరా, ఈలోగా నొప్పికి ఏం చేయాలి.

నేను గైనకాలజిస్టుని. ఇలాంటి నొప్పితో వచ్చేవాళ్ళను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మిమ్మల్ని పరీక్ష చేయకుండా మీకున్నది ఇదేనని చెప్పడం కుదరదు. అయినా సూటిగా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆ స్కాన్ రిపోర్టుతో మీ అనుమానం తీరిపోలేదు. కడుపులోకి కెమెరా పంపి, ముక్క తీసి పరీక్ష చేసి, ఆ తర్వాతే చికిత్స మొదలుపెట్టాలన్న పద్ధతి ఇప్పుడు మారింది. నొప్పి తీరును బట్టి అనుమానం బలంగా ఉంటే, ప్రమాదకరమైనవి ఇంకేవీ లేవని చూసుకుని మందులు మొదలుపెట్టవచ్చు. ఈ జబ్బు పేరు బయటపడటానికే చాలామందికి ఏళ్ళూ పూళ్ళూ పడుతున్నాయి. అన్నాళ్ళూ నొప్పి భరిస్తూ కూర్చోవాల్సిన పని లేదు.

ముందు జబ్బేమిటో చెప్తాను. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరగడం ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, గర్భసంచి వెనక, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్ల మీద, పెద్దపేగు చివరి భాగం మీద, మూత్రాశయం మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ అందితే పెరుగుతుంది, హార్మోన్లు మారినప్పుడల్లా అక్కడ వాపు వస్తుంది. ఆ వాపు మానేటప్పుడు మచ్చ కట్టి, పక్కపక్కన ఉన్న అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ కొత్త నరాల కొసలు కూడా పెరుగుతాయి. ఇవన్నీ కలిస్తేనే మీరు చెప్పే నొప్పి. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పీరియడ్స్ రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి పొత్తికడుపులోకి పోవడం వల్ల ఇది వస్తుందని 1920ల్లో శాంప్సన్ అనే అమెరికన్ డాక్టర్ ప్రతిపాదించారు. అలా వెనక్కి పోవడం చాలామందిలో జరిగేదే, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. కాబట్టి జన్యువులు, రోగనిరోధక శక్తి తీరు కూడా ఇందులో ఉన్నాయని ఇప్పుడు అనుకుంటున్నారు. అమ్మకో అక్కాచెల్లెళ్ళకో ఉంటే మీకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో వాళ్ళను ఆ సంగతి ఒకసారి అడిగి పెట్టుకోండి, డాక్టర్ తప్పకుండా అడుగుతారు. మీరు తిన్నదాని వల్లో, చేసిన పని వల్లో వచ్చింది మాత్రం కాదు.

ఇక “అందరికీ ఉండేదే” అన్న మాట. మామూలు పీరియడ్స్ నొప్పి నిజంగానే చాలామందికి ఉంటుంది. గర్భసంచి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై, అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేయడం వల్ల వస్తుంది. అది బ్లీడింగ్‌తో పాటు మొదలై, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. సరైన మాత్ర సరైన టైముకి వేసుకుంటే చాలామందికి లొంగుతుంది. మీరు రాసింది అలా లేదు. బ్లీడింగ్‌కు ముందే మొదలవుతోంది, అయిపోయాక ఉంటోంది, ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతోంది, మాత్రకు లొంగడం లేదు. అన్నిటికంటే ముఖ్యం, పీరియడ్స్ రోజుల్లోనే మోషన్‌కు వెళ్ళినప్పుడు లోపల పొడిచినట్టు నొప్పి రావడం. గర్భసంచికీ పెద్దపేగు చివరి భాగానికీ మధ్య ఒక చిన్న లోయలాంటి ఖాళీ ఉంటుంది. లోతుగా పాతుకుపోయే రకం ఎండోమెట్రియోసిస్ ఎక్కువగా పెరిగేది అక్కడే. మలం కిందికి జరిగేటప్పుడు ఆ చోటు సాగుతుంది, అందుకే ఆ పొడుపు. నెలంతా ఉంటే పైల్స్, ఫిషర్ లాంటివి ముందు గుర్తొస్తాయి. పీరియడ్స్‌తో వచ్చి పీరియడ్స్‌తో పోతోందంటే నాకు ముందు తట్టేది ఎండోమెట్రియోసిసే.

కలయికలో బాగా లోపల నొప్పి, పీరియడ్స్ రోజుల్లో మూత్రం పోసేటప్పుడు నొప్పి, పొట్ట ఉబ్బరం, రెండు పీరియడ్స్ మధ్యలో కూడా పొత్తికడుపు నొప్పి, పడుకుని లేచినా తీరని నీరసం, గర్భం రావడం ఆలస్యం కావడం కూడా ఈ జబ్బులో కనిపిస్తాయి. అన్నీ ఉండాలని లేదు. కొందరికి ఒక్క లక్షణం కూడా ఉండదు, ఇంకెందుకో స్కాన్ తీయిస్తే బయటపడుతుంది.

మరి స్కాన్‌లో ఎందుకు కనపడలేదు? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది దారి తప్పేది ఈ రిపోర్టు దగ్గరే. ఈ జబ్బు మూడు రూపాల్లో ఉంటుంది. మొదటిది పొత్తికడుపు లోపలి పొర మీద పైపైన ఉండే మచ్చలు. ఇవి కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి, మామూలుగా స్కాన్‌కు గానీ ఎమ్మారైకి గానీ దొరకవు. రెండోది అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి, దీన్నే చాక్లెట్ సిస్ట్ అంటారు. ఇది స్కాన్‌లో బాగానే కనిపిస్తుంది. మూడోది లోతుగా పాతుకుపోయే రకం. ఇది కనపడటం స్కాన్ ఎలా చేశారు, ఎవరు చేశారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మీకు చేసింది మూత్రం ఆపుకోమని పొట్ట మీద జెల్ రాసి చేసే స్కాన్. దానితో గర్భసంచి సైజు, పెద్ద గడ్డలు, పెద్ద తిత్తులు తెలుస్తాయి. గర్భసంచి వెనక లోతుగా ఉన్న గట్టిపడిన చోట్లు దాదాపు తెలియవు. మీ రిపోర్టులో “గర్భసంచి, అండాశయాలు మామూలుగా ఉన్నాయి” అని రాసి ఉంటుంది. అది నిజమే అయ్యుండవచ్చు. ఆ రెండు కాక మిగతా చోట్ల ఏముందో ఆ రిపోర్టు చెప్పలేదు, అంతే.

యోని ద్వారా చేసే స్కాన్ వేరు. అనుభవం ఉన్నవాళ్ళు చేస్తే అది ఫోటో తీసినట్టు ఉండదు, చేత్తో తడిమి చూసినట్టు ఉంటుంది. ప్రోబ్‌తో గర్భసంచిని మెల్లగా నెట్టి, దాని వెనక పేగు జారుతోందా, లేక అతుక్కుపోయి రెండూ కలిసి కదులుతున్నాయా అని చూస్తారు. అండాశయాన్ని నెట్టి అది పక్కకి జరుగుతోందా, గర్భసంచి వెనక్కి లాక్కుపోయి ఉందా అని చూస్తారు. నెట్టినప్పుడు ఎక్కడ నొప్పి వచ్చిందో మిమ్మల్ని అడుగుతారు, మీరు “అక్కడే” అన్న చోట ఇంకాసేపు ఆగి చూస్తారు. స్కాన్ చీటీ మీద ఉత్త “పెల్విస్ స్కాన్” అని కాకుండా “లోతైన ఎండోమెట్రియోసిస్ అనుమానం, పేగు జారుతోందో లేదో చూడండి, కిడ్నీలు కూడా చూడండి” అని రాయమని మీ డాక్టర్‌ను అడగండి. చీటీలో ఆ ఒక్క లైను ఉంటే చేసేవాళ్ళు వెతికే తీరే మారిపోతుంది. కిడ్నీలు ఎందుకంటే, ఈ జబ్బు మూత్రనాళం చుట్టూ పెరిగి దాన్ని నొక్కితే కిడ్నీ నొప్పి అనేదే లేకుండా మెల్లగా దెబ్బతినవచ్చు. అరుదే. కానీ రెండు నిమిషాల్లో చూసేయగలిగిన దాన్ని వదిలేయడం ఎందుకు?

ఇంతవరకు శారీరక సంబంధం లేనివాళ్ళకు యోని స్కాన్ సాధారణంగా చేయరు, వద్దనే హక్కు ఎవరికైనా ఉంది. అలాంటప్పుడు ఎమ్మారై మంచి మార్గం. కొన్నిచోట్ల మలద్వారం ద్వారా కూడా స్కాన్ చేస్తారు. ఎమ్మారై అయినా ఈ జబ్బు చూడటం అలవాటున్న రేడియాలజిస్టు చదివితేనే పూర్తి ఉపయోగం. ఇక సీఏ-125 అనే రక్తపరీక్ష. కొందరు దీన్ని రాసిస్తారు. ఈ జబ్బును తేల్చడానికి అది పనికిరాదు. ఇతర కారణాలతోనూ పెరుగుతుంది, జబ్బు ఉన్నా నార్మల్‌గా ఉండవచ్చు. ఆ రిపోర్టులో అంకె కొంచెం ఎక్కువ రాగానే క్యాన్సరేమోనని రాత్రంతా టెన్షన్ పడి మర్నాడు నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు. దాని జోలికి పోకండి.

లాపరోస్కోపీ సంగతి. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి కళ్ళారా చూసి, ముక్క తీసి పరీక్ష చేయించడమే ఈ జబ్బుకు తిరుగులేని రుజువని మేం చదువుకున్నాం. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం 2022లో తెచ్చిన మార్గదర్శకాలు ఆ మాటను పక్కన పెట్టాయి. స్కాన్‌లో ఏమీ కనపడకపోయి, మందులతో తగ్గకపోయినప్పుడో, మందులు పడనప్పుడో లాపరోస్కోపీ ఆలోచించమని అవి చెప్తున్నాయి. అంటే ముందు మందులు మొదలుపెట్టి చూడటం తొందరపాటూ కాదు, అడ్డదారీ కాదు. అలాగని లాపరోస్కోపీ అవసరమే లేదని కాదు. పెద్ద చాక్లెట్ సిస్ట్ ఉన్నా, పేగుకో మూత్రనాళానికో అడ్డం పడుతున్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నందువల్ల హార్మోన్లు వాడే వీలు లేకున్నా అది ముందుకి వస్తుంది. ఒకవేళ చేయించుకునే పరిస్థితి వస్తే, లోపల జబ్బు కనిపిస్తే అదే సిట్టింగులో తీసేస్తారా, లేక చూసి మూసేసి మళ్ళీ ఇంకోసారి చేస్తారా అని ముందే అడగండి. రెండుసార్లు మత్తు తీసుకునే అవస్థ చాలామందికి ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే వస్తుంది.

ఇదే రకం నొప్పి వేరే కారణాలతోనూ రావచ్చని మర్చిపోకండి. గర్భసంచి గోడలోనే ఆ పొర పెరిగే అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్లు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్, మూత్రాశయం నొప్పి జబ్బు, పేగుల ఇరిటబుల్ బవెల్, కటి కండరాలు బిగుసుకుపోవడం, అన్నీ లిస్టులో ఉంటాయి. వీటిలో కొన్ని ఎండోమెట్రియోసిస్‌తో కలిసే ఉంటాయి. డాక్టర్ మూత్రపరీక్ష, రక్తహీనతకు పరీక్ష, ప్రెగ్నెన్సీ టెస్ట్, ఇన్ఫెక్షన్ పరీక్షలు రాస్తే విసుక్కోకుండా చేయించుకోండి.

డాక్టర్ దగ్గర మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ టైములో “చాలా నొప్పి డాక్టర్” అన్న మాటకు పెద్ద విలువ ఉండదు, అందరూ అదే అంటారు. రెండు మూడు నెలలు డైరీ రాయండి. పెద్ద యాప్ ఏమీ అక్కర్లేదు, ఫోన్ నోట్స్ చాలు. నాకు బాగా పనికొచ్చే డైరీ ఇలా ఉంటుంది: “బ్లీడింగ్‌కు ముందు రోజు, నొప్పి పదికి ఆరు, కుడివైపు కంటే ఎడమ ఎక్కువ, తొడ లోపలికి పాకింది. మొదటి రోజు, ఎనిమిది, ఉదయం మోషన్‌కు వెళ్ళినప్పుడు పొడిచింది, చెమటలు పట్టాయి, రక్తం లేదు. ఉదయం ఏడింటికి మాత్ర, పదింటికి మళ్ళీ నొప్పి. ఆఫీసుకు వెళ్ళలేదు.” ఇది చదివితే నొప్పి ఎప్పుడు, ఎక్కడ, దేనితో, మాత్ర ఎంతసేపు పనిచేసింది, దానివల్ల ఏ పని ఆగింది, అన్నీ ఒక్క చూపులో తెలిసిపోతాయి. ముఖ్యంగా ఆగిపోయిన పనులు రాయండి. పరీక్ష రాయలేకపోవడం, సెలవులు అయిపోవడం, బస్సులోంచి మధ్యలో దిగిపోవడం, ఇవి పదికి ఎనిమిది అన్న అంకె కంటే గట్టిగా మాట్లాడతాయి.

లోపలికి వెళ్ళగానే మొదటి మాట ఇలా అనండి: “పీరియడ్స్ రోజుల్లో మోషన్‌కు వెళ్తే నొప్పి వస్తోంది, మాత్రలతో తగ్గడం లేదు, నెలకి ఇన్ని రోజులు పని మానేస్తున్నాను. ఎండోమెట్రియోసిస్ ఏమోనని నా అనుమానం.” జబ్బు పేరు మీరే చెప్తే డాక్టర్‌కు కోపం వస్తుందేమోనని చాలామంది మొహమాటపడతారు. రానివ్వండి. “స్కాన్ నార్మల్ కదమ్మా” అంటే, “స్కాన్‌లో కనపడని రకం కూడా ఉంటుందట కదా, నా విషయంలో ఆ అవకాశం లేదని ఎలా అనుకుంటున్నారు?” అని మర్యాదగానే అడగండి. సరైన జవాబు రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. ఎండోమెట్రియోసిస్ కేసులు ఎక్కువగా చూసేవాళ్ళు దొరికితే మరీ మంచిది. లోపలి పరీక్ష చేస్తామంటే, పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని అడగవచ్చు, మధ్యలో నొప్పేస్తే ఆపమనవచ్చు, అసలు వద్దనవచ్చు. చేయించుకోగలిగితే మాత్రం ఉపయోగం ఉంది. గర్భసంచి వెనక గట్టిగా తగిలే గడ్డను స్కాన్ కంటే ముందు వేలే పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు నొప్పి. మీరు మాత్రలు పనిచేయట్లేదన్నారు, కానీ ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. ఐబూప్రొఫెన్, నాప్రాక్సెన్, మెఫెనామిక్ యాసిడ్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అడ్డుకుంటాయి. అప్పటికే తయారైపోయిన వాటిని ఏమీ చేయలేవు. నొప్పి పతాక స్థాయికి చేరాక వేసుకుంటే సగం పనే చేస్తాయి. పీరియడ్స్ ఫలానా రోజుకి వస్తాయని తెలిస్తే ఒక రోజు ముందు గానీ, మొదటి చిన్న లాగుడు తెలియగానే గానీ మొదలుపెట్టి, డాక్టర్ చెప్పిన గంటల ప్రకారం రెండు మూడు రోజులు వరసగా వేసుకోవాలి. ఏదైనా తిన్నాక వేసుకోవాలి. ఈ గుంపులోవి రెండు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. పేర్లు వేరైనా పని ఒకటే, పొట్టలో పుండ్లు, కిడ్నీల మీద భారం మాత్రం రెట్టింపు. కావాలంటే మధ్యలో పారాసిటమాల్ వేసుకోవచ్చు, అది వేరే గుంపు. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఇలాంటి మాత్రతో ఉబ్బసం వచ్చేవాళ్ళు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా వీటి జోలికి వెళ్ళకూడదు. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ మాత్రలు నెలనెలా వాడే అలవాటు పడకండి. మలబద్ధకం తెస్తాయి, మీకున్న మోషన్ నొప్పికి అదే ఆజ్యం.

వేడినీళ్ళ బ్యాగు నిజంగానే పనిచేస్తుంది. అయితే ఓ మాట. పొత్తికడుపు మీద చర్మం వల అల్లినట్టు గోధుమ రంగుకి తిరిగి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉంటారు. రోజుల తరబడి బాగా వేడిగా పెట్టుకోవడం వల్ల వచ్చేది అది. మధ్యలో గుడ్డ వేసి, కాసేపు పెట్టి కాసేపు తీయండి, పెట్టుకుని నిద్రపోకండి. చర్మం మీద చిన్న ప్యాచ్‌లు అంటించి సన్నటి కరెంటు పంపే టెన్స్ మెషీన్ కూడా కొందరికి బాగానే పనిచేస్తుంది, పెద్ద ప్రమాదం లేనిది.

అసలు చికిత్స హార్మోన్లు. ఇక్కడే మీ భయం కూడా ఉంది. వీటి పని అండం విడుదలను, నెలనెలా పొర పెరగడాన్ని అణచి, ఆ బయటి కణజాలానికి అందే ప్రేరణ తగ్గించడం. ఎక్కువగా రాసేది డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాములు, రోజుకొకటి, గ్యాప్ లేకుండా. మొదటి కొన్ని నెలలు అప్పుడప్పుడు కొద్దిగా బ్లీడింగ్ కనిపిస్తూ ఉంటుంది. “మందు పడలేదు” అని చాలామంది ఆపేసేది ఆ దశలోనే. కనీసం మూడు నెలలు చూడందే తేల్చకండి. కొందరికి మనసు దిగులుగా అయిపోతుంది, తలనొప్పి వస్తుంది. దిగులు ఎక్కువైతే మాత్రం మూడు నెలల దాకా ఆగకుండా వెంటనే చెప్పాలి, మందు మార్చవచ్చు. గర్భం రాకూడదనుకునేవాళ్ళు డైనోజెస్ట్ ఒక్కదాన్ని నమ్ముకోకుండా కండోమ్ లాంటిది వాడాలి.

ఈస్ట్రోజన్ కూడా ఉండే మామూలు గర్భనిరోధక మాత్రలు గ్యాప్ లేకుండా వాడటం ఇంకో పద్ధతి. కళ్ళ ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, హైబీపీ ఉన్నవాళ్ళు, 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు వాడకూడదు. గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ పరికరం కొన్నేళ్ళపాటు పనిచేస్తుంది, రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఇవేవీ పనిచేయకపోతే తాత్కాలికంగా మెనోపాజ్ లాంటి స్థితి తెచ్చే ఇంజక్షన్లు ఉన్నాయి. వాటితో వేడి ఆవిర్లు, ఎముకల బలం తగ్గడం ఉంటాయి కాబట్టి పక్కన తక్కువ మోతాదు హార్మోన్ కలిపి ఇస్తారు. ఎలగోలిక్స్ లాంటి మాత్రలు కూడా వచ్చాయి. అమెరికాలో 2018లో దీనికి అనుమతి దొరికింది. అన్ని దేశాల్లో దొరకవు.

పీరియడ్స్ ఆగిపోతే రక్తం లోపల పేరుకుపోతుందేమో అని అడిగేవాళ్ళు చాలామంది. పేరుకోదు. పొరే పల్చగా ఉండిపోతుంది, రాల్చడానికి ఏమీ ఉండదు. మాత్రలు ఆపాక అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది, పిల్లలు పుట్టే శక్తి పోదు. మూడు నెలలకోసారి తీసుకునే ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఇంజక్షన్ ఒక్కటి మినహాయింపు, దాని తర్వాత పీరియడ్స్ మళ్ళీ గాడిలో పడటానికి ఏడాది దాకా పట్టవచ్చు. త్వరలో పిల్లలు కావాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఈ మందులు జబ్బును అణచి ఉంచుతాయి, వేళ్ళతో పీకెయ్యవు. ఆపాక కొందరికి నొప్పి తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చని ముందే తెలిసి ఉండటం మంచిది.

పిల్లల విషయంలో మీకు చెప్పినదాన్ని సరిచేయాలి. బిడ్డ పుడితే జబ్బు పోతుందన్నది నిజం కాదు. గర్భం వచ్చినప్పుడు పీరియడ్స్ ఉండవు కాబట్టి కొందరికి నొప్పి తగ్గుతుంది, తర్వాత మళ్ళీ రావచ్చు. నొప్పికి మందుగా గర్భం తెచ్చుకోమని ఎవరికీ సలహా ఇవ్వకూడదని ఆ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కూడా లేదు, చాలామందికి మామూలుగానే పుడతారు. కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి ఐవీఎఫ్ లాంటి సాయం కావాలి. హార్మోన్ మాత్రలు నొప్పికే, గర్భం వచ్చే అవకాశాన్ని పెంచవు. కాబట్టి గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు వాటితో నెలలు గడపడంలో అర్థం లేదు.

ఆపరేషన్ గురించి కొంచెమే చెప్తాను, మీరు ఇంకా ఆ దశలో లేరు. మచ్చలను కాల్చడం, కోసి తీయడం అని రెండు పద్ధతులున్నాయి. లోతుగా పాతుకున్నదైతే కోసి తీయాల్సిందే. పేగు మీద ఉంటే పేగు సర్జన్ కూడా పక్కన ఉండే టీమ్ కావాలి. చాక్లెట్ సిస్ట్ తీస్తే దానితో పాటు అండాశయంలోని మంచి కణజాలం కూడా కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆపరేషన్‌కు ముందే అండాల నిల్వ ఎంతుందో అంచనా ఇచ్చే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చేయించుకుని ఆ మాట మాట్లాడాలి. తీసేశాక హార్మోన్లు వాడితే తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. గర్భసంచి తీసేస్తే ఖచ్చితంగా నొప్పి పోతుందన్న హామీ లేదు, ఎందుకంటే జబ్బు ఉన్నది గర్భసంచి బయట. ఆపరేషన్ తర్వాత స్టేజి ఒకటి అనో నాలుగు అనో చెప్తారు. ఆ అంకెకూ నొప్పికీ పెద్ద సంబంధం లేదు. మొదటి స్టేజిలో మంచం పట్టేవాళ్ళున్నారు, నాలుగో స్టేజిలో నొప్పే తెలియనివాళ్ళున్నారు.

ఇన్నేళ్ళ నొప్పికి నరాలు కూడా అలవాటు పడిపోతాయి. చిన్న ప్రేరణకే పెద్దగా స్పందించడం మొదలవుతుంది, కటి కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. జబ్బు తీసేసినా నొప్పి మిగిలేది చాలామందికి ఈ కారణంతోనే. అప్పుడు కటి కండరాల ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళు కావాలి. ఒక హెచ్చరిక: వీడియోలు చూసి కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టకండి. అవి కండరాన్ని బిగించేవి, మీకు కావాల్సింది వదులు చేయడం. పొట్ట నిండా మెల్లగా ఊపిరి పీల్చి వదలడం, మోకాళ్ళు పొట్టకు ఆనించి పడుకోవడం లాంటివి పరవాలేదు. ఆహారంతో నయమవుతుందనే వాళ్ళ మాట నమ్మి డబ్బు పోసుకోకండి. ఏదైనా తింటే మీ ఉబ్బరం పెరుగుతోందని డైరీలో స్పష్టంగా తేలితే అది మానండి, అంతకు మించి వద్దు.

ఈ లోపల ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి వాంతులైనా, జ్వరం తోడైనా, కళ్ళు తిరిగి పడిపోయినా, పీరియడ్స్ తప్పాక ఒకవైపు నొప్పి వచ్చినా, గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అండాశయం మెలి తిరగడం, తిత్తి పగలడం, ట్యూబులో గర్భం, ఇవి ఇంట్లో కూర్చుని తేల్చుకునేవి కావు. మోషన్‌లో రక్తం కనిపిస్తే, అది పీరియడ్స్ రోజుల్లోనే అయినా, వేరుగా చూపించుకోవాలి.

ఇంకొకటి. “దీనికి సంబంధం ఉండకపోవచ్చు” అంటూ మీరు ఒక వాక్యం రాశారు, పీరియడ్స్ రెండో రోజు కుడి భుజం పైన లాగుతుందని. సంబంధం ఉండవచ్చు. ఊపిరితిత్తులకు కింద ఉండే డయాఫ్రం మీద, ఎక్కువగా కుడివైపు, ఈ జబ్బు పెరిగితే నొప్పి భుజంలో తెలుస్తుంది, రెండింటి నరాలూ మెడలో ఒకే చోట నుంచి బయల్దేరతాయి కాబట్టి. పొత్తికడుపు స్కాన్, ఎమ్మారై అక్కడిదాకా చూడవు. అందుకే డైరీలో భుజం నొప్పికి వేరుగా ఒక లైను పెట్టండి, డాక్టర్‌కు అడక్కముందే చెప్పండి. ఎప్పటికైనా లాపరోస్కోపీ చేస్తే కాలేయం పైన డయాఫ్రం కూడా చూడమని ముందే రాయించండి. పీరియడ్స్ రోజుల్లో ఛాతీలో ఒకవైపు పొడిచి ఊపిరి అందకపోతే మాత్రం అది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం కావచ్చు, ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి.